వద్దు డబ్బాలు

ఆమె నోరు తెరిచేలోపే నేను ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టేశాను. తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ పొద్దున్న పదింటికి ఫైలు చంకలో పెట్టుకుని ఫొటో స్టూడియో మెట్లెక్కే మనిషి పాస్‌పోర్టు ఫొటోకి కాకపోతే ఇంకెందుకు వస్తుందని నాకేం తెలుసు.

"నేను వచ్చింది..." అంది.

"తెలుసండీ. తెల్ల బ్యాక్‌గ్రౌండేగా? గడ్డం కొంచెం పైకి."

"అది కాదండీ, నేను..."

"మాట్లాడితే పెదాలు కదులుతాయి. జుట్టు వెనక్కి తీయండి. చెవులు కనబడాలి."

ఆమె అయోమయంగా జుట్టు వెనక్కి తోసుకుంది. కెమెరా వెనక నిలబడి గట్టిగా చెబితే ఎంతటివాళ్ళయినా ఆ ఒక్క నిమిషం మాట వింటారు. నేను నొక్కేశాను.

"అయిపోయిందండీ."

"ఏంటి అయిపోయింది? అసలు తీయమని మిమ్మల్ని ఎవరడిగారు? నాలుగు నెలలు తిరిగి, పన్నెండు స్టూడియోల మెట్లెక్కి ఇక్కడికొస్తే, చెప్పేది వినకుండా చెవులు చూపించమంటారా?"

లేచి నిలబడింది. జుట్టు ఒక పక్క చెవి వెనక, ఇంకో పక్క మొహం మీద. వేలు సూటిగా నా వైపు. ఒక కనుబొమ్మ పైకి లేచింది, రెండోది దాని వెనకే లేవాలా వద్దా అని ఆలోచిస్తోంది. నా వేలు దానంతటదే మళ్ళీ నొక్కేసింది.

"ఇప్పుడు నొక్కిందేంటి?"

"లైటు టెస్టండీ."

"నేను తిడుతుంటే లైటు టెస్టు చేస్తారా?"

అబద్ధమే చెప్పాను. అది మా తాత నాకు అంటించిపోయిన జబ్బు. ఆయన కస్టమరుకి ఒక ఫొటో తీసి "అయిపోయిందండీ" అనేవాడు. ఆ మాట వినగానే మనిషి బిగబట్టిన ఊపిరి వదులుతాడు, భుజాలు జారతాయి, చెప్పుల కోసం వెతుక్కుంటాడు. అప్పుడు ఇంకొకటి తీసేవాడు. ఊరికే. చిన్నప్పటి నుంచి పక్కన నిలబడి చూసి చూసి నా వేలికీ అదే అలవాటైంది.

ఆమె ఫైలు తెరిచింది. ముందు అందులోంచి తెల్లటి నూలు గ్లవ్స్ తీసి తొడుక్కుంది. ఆ క్షణమే ఆమెకి నా మనసులో గ్లవ్స్ అని పేరు పడిపోయింది. తర్వాత పల్చటి కాగితంలో చుట్టిన ఒక ఫొటో తీసి, తిప్పి, వెనక సగం చెరిగిపోయిన ముద్ర చూపించింది.

"ఇది మీ స్టూడియోదేనా?"

ముద్ర మాదే. ముందువైపు ఒక దర్జీ ఉన్నాడు. ఫొటో కడిగి తెచ్చేదాకా ఆగమంటే మా కుర్చీలోనే నిద్రపోయినట్టున్నాడు. మెడలో టేపు, ఛాతీ మీద వాలిన తల. చేతులు మాత్రం నిద్రపోలేదు, ఒళ్ళో కనబడని గుడ్డని పట్టుకునే ఉన్నాయి.

"ఎక్కడ దొరికింది మీకు?"

"కోళ్ళ పెంపకం మీద పాత పుస్తకంలో. పేజీ గుర్తుకి పెట్టుకున్నారెవరో."

"మీరు కోళ్ళు పెంచుతారా?"

"మాట మార్చకండి. ఇది తీసిందెవరు?"

"మా తాత."

"ఆయన గొప్ప ఆర్టిస్టండీ."

నాకు నవ్వాగలేదు. మా ఇంట్లో తాతని చాలా అన్నారు. చాదస్తుడు అన్నారు, పనికిమాలిన పనులన్నీ ఆయనకే కావాలి అన్నారు. ఆ గోల పడలేకే మా నాన్న స్టూడియో వైపు కన్నెత్తి చూడకుండా బీమా ఆఫీసులో చేరిపోయాడు. ఆర్టిస్టు అన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ఆయన పోయిన ఆరేళ్ళ తర్వాత, కోళ్ళ పుస్తకం పుణ్యమా అని, ఇదిగో ఈ గ్లవ్స్ అంటోంది.

కౌంటరు వెనక కూర్చుని ఎవరివో ఎనిమిది తలకాయలు కత్తెరతో సమంగా కత్తిరిస్తున్న మా నాయనమ్మ తలెత్తకుండానే అడిగింది. "ఎవర్రా?"

"తాత ఫొటోల కోసం వచ్చారు నాయనమ్మా."

కత్తెర ఒక్కసారి ఆగింది. మళ్ళీ నడిచింది.

"అటక మీదున్నాయి. దుమ్ము కింద పోయకండి" అంది.

*

అటక మీద పదమూడు రేకు డబ్బాలున్నాయి. ఒకప్పుడు బిస్కెట్లు వచ్చినవి. మూతల మీద తాత తన గుండ్రటి రాతతో పేర్లు రాశాడు. రెండింటి మీద "సరే". పదకొండింటి మీద "వద్దు".

గ్లవ్స్ పని చేసేది ఒక ఆర్ట్ గ్యాలరీలో. మూడేళ్ళుగా నేలమాళిగలో వస్తువులకి చీటీలు అంటిస్తోంది. ఎవరో శిల్పి ఆఖరి నిమిషంలో చేతులెత్తేయడంతో చిన్న హాలు ఖాళీ అయింది. తర్వాతి నెల మొదటి సోమవారం పదకొండింటికి అందులో ఏదో ఒకటి తెరవాలి. పద్దెనిమిది రోజులే ఉన్నాయి. వాళ్ళ బాసు ఈమెకి ఒక్క అవకాశం ఇచ్చాడు. చూపించదగ్గ షో తెస్తే సరే, లేకపోతే ఆయన స్నేహితుడు వేసిన పూలకుండీల బొమ్మలు గోడలెక్కుతాయి, ఈమె మళ్ళీ కిందికి దిగిపోతుంది.

"ముందు సరే డబ్బాలు తెరుద్దాం" అంది.

తెరిచాం. ఒక్కొక్క కవర్లో ఒక నెగటివు, ఒక చిన్న ప్రింటు. అన్నిట్లోనూ మనుషులు ఇంజెక్షను కోసం వరసలో నిలబడ్డట్టు బిగుసుకుని ఉన్నారు. వందో కవరు దాకా ఆమె ఆశగా చూసింది. నూట యాభై దగ్గర భూతద్దం కింద పెట్టేసింది.

"ఆ దర్జీని తీసిన మనిషేనా వీటిని తీసింది?"

"పదకొండు డబ్బాలు మిగిలే ఉన్నాయి కదండీ."

"వాటి మీద ఏం రాశారు?"

"వద్దు అని."

"మరి? కళాకారుడు తన చేత్తో తానే వద్దని పక్కన పెట్టినదాన్ని, ఆయన పోయాక మనం బయటికి లాగి గోడకి తగిలిస్తామా? వద్దంటే వద్దు. అంతే."

"ఆయన కళాకారుడని మీకు తెలుసు. పాపం ఆయనకి తెలియదు కదా."

"చెవులుగారూ, దయచేసి పని చెడగొట్టకండి."

అప్పటి నుంచి నా పేరు చెవులుగారు. నేనేం తక్కువ తినలేదు. నాయనమ్మ దగ్గరికెళ్ళి, "తాత ఆ డబ్బాల మీద వద్దు అని ఎందుకు రాశాడు?" అని అడిగాను.

"నీకు తెలుగు రాదా? వద్దు అంటే వద్దు."

"ఎవరికి వద్దు?"

"పని చూసుకోరా" అంది. కత్తెర కొంచెం జోరుగా నడిచింది. ఆ వారంలో నాలుగుసార్లు అడిగాను. నాలుగుసార్లూ నా తెలుగు మీదకే వచ్చింది.

ఒకరోజు గ్లవ్స్ టీ తాగడానికి వెళ్ళినప్పుడు నేనే ఒక వద్దు డబ్బా తీశాను. పది నిమిషాల తర్వాత ఆమె తిరిగొచ్చేసరికి నేల మీద కూర్చుని ఉన్నాను. పదిహేనేళ్ళు ఆ ముసలాయన పక్కన నిలబడి కూడా ఆయన ఏం చూస్తున్నాడో నాకు తెలియలేదన్న సంగతి అప్పుడే తెలిసింది.

"ఒక్కటి చూడండి. ఒక్కటంటే ఒక్కటి."

ఆమె గ్లవ్స్ చేతులతో కళ్ళు మూసుకుంది. "చెప్పకండి, చూపించకండి. ఇల్లు మీది కాబట్టి మీరు చూసుకోండి. నన్ను కలపకండి."

"ఇంత మొండితనం ఏంటండీ?"

"దీన్ని మర్యాద అంటారు. మీ షాపులో దొరకదు, అందుకే కొత్తగా ఉంది."

ఒళ్ళు మండిపోయింది. ఇంకా మండిపోయే సంగతేంటంటే, రోజూ పొద్దున తొమ్మిదిన్నర నుంచే నేను మెట్ల మీద చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చుంటున్నాను. ఆమె భూతద్దం మీదకి వంగినప్పుడు కింది పెదవి పంటితో నొక్కుకుంటుంది. బాగున్న ఫొటో కనబడితే వదిలేస్తుంది. సరే డబ్బాలు రెండూ అయ్యేసరికి ఆ పెదవి మూడుసార్లే వదిలింది. షో లేకపోతే ఆమె మా మెట్లెక్కడానికి ఇంకో కారణం లేదు. ఆ సంగతి తలుచుకుంటే నాకు అన్నం సయించడం లేదు. ప్రేమలో పడ్డానని ఒప్పుకోవడానికి అంతకన్నా చికాకైన సమయం ఇంకోటి ఉండదు.

*

ఆరో రోజు వాన పడింది. మామూలు వాన కాదు, మధ్యాహ్నాన్నే వీధి లైట్లు వేయించిన వాన. మా అటక మీద సరిగ్గా డబ్బాలున్న చోటే కప్పు కారింది. చినుకు రేకు మీద పడిన చప్పుడు ముందు గ్లవ్సే విన్నది. నిచ్చెనెక్కి, ఒక్కొక్క డబ్బా నాకు అందిస్తూ, ఎవరినో గట్టిగా తిడుతోంది. ఎక్కువ భాగం నన్నే.

"నాలుగు డబ్బాల్లోకి నీళ్ళెళ్ళాయి. మూతలు తీయాలి, కవర్లు విడిగా ఆరబెట్టాలి."

"వద్దన్నారుగా?"

"ఆరబెట్టడం వేరు, చూడటం వేరు."

చూడకుండా ఆరబెట్టడం ఎలాగో ఆవేళ చూశాను. మెడ పక్కకి తిప్పుకుని, గోడ మీద క్యాలెండరు వైపు చూస్తూ, చేత్తో తడిమి కవర్లు బల్ల మీద పరుస్తోంది. రెండుసార్లు నా మొహం తడిమింది.

"అది నేనండీ."

"తడిగా ఉంటే ఏం తెలుస్తుంది?" అంది, చెయ్యి చప్పున తీసేస్తూ. మెడ మాత్రం తిప్పలేదు. చెవి ఎర్రబడింది. చెవులు కనబడాలని నేను ఊరికే అనను.

అప్పుడొక కవరు ఆమె చేతికి తేలిగ్గా తగిలినట్టుంది. ఊపి చూసింది. "ఇది ఖాళీ" అని, ఖాళీ కవరు చూడటం తప్పు కాదు కాబట్టి కాబోలు, తల తిప్పి చూసింది.

కవరు మీద తాత రాత. "దర్జీ, కుర్చీలో." కింద ఒక తేదీ, వద్దు. ఆరేళ్ళ తర్వాత ఇంకో తేదీ, వద్దు. ఇంకా తొమ్మిదేళ్ళ తర్వాత మూడో తేదీ. "సరే. ఇచ్చేశాను."

ఆమె తన ఫైల్లోంచి దర్జీ ఫొటో తీసి ఆ కవరు పక్కన పెట్టింది. కింది పెదవి వదిలేసింది.

"నేను నాలుగు నెలలు వెతికిన ఫొటో వద్దు డబ్బాలోది" అంది మెల్లగా. "ఆయనకే వద్దయితే మూడుసార్లు తేదీలేసి ఎందుకు రాసుకుంటాడు? సరే అన్నాక ఎవరికి ఇచ్చేశాడు?"

ఇద్దరం ఒకేసారి మిగతా కవర్లు తిప్పాం. ప్రతిదాని మీదా ఒక తేదీ, వద్దు. కొన్నింటి మీద రెండు, మూడు. అవి తాత అభిప్రాయాలు కావు. జవాబులు. కస్టమరుకి ఫొటోలు రెండూ చూపించి అడిగేవాడన్నమాట. బిగుసుకున్నదానికి సరే అని, అది పట్టుకుపోయారు. రెండోదానికి వద్దన్నారు. మళ్ళీ ఎప్పుడైనా వస్తే మళ్ళీ అడిగాడు. పదకొండు డబ్బాల నిండా ఎవరికీ అక్కర్లేని ఫొటోలు ఉన్నాయి. అవే ఆయన అసలు పని.

ఆఖరి డబ్బా అడుగున ఒక కవరు ఉబ్బెత్తుగా ఉంది. దాని మీద రాత ముందువైపు నిండి, వెనక్కి తిరిగి, అంటించిన చీటీ మీదకి పాకింది. ఏటా ఒకే తేదీ. వద్దు, వద్దు, వద్దు. గ్లవ్స్ లెక్కపెట్టింది. నలభై నాలుగు. చివరిది మాత్రం వేరే చేతిరాతలో ఉంది.

లోపల ఫొటోలో ఒక అమ్మాయి ఇదే స్టూడియో గుమ్మంలో నిలబడింది. బయట వాన. గొడుగు సగం తెరిచి, వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, వేలు చూపించి ఎవరినో గట్టిగా దులిపేస్తోంది. ఆ కోపం అడుగున నవ్వు తన్నుకొస్తోంది, ఆ సంగతి ఆమెకింకా తెలియదు.

ఆ వేలు నాకు బాగా తెలుసు. నా జీవితమంతా దాన్నే చూశాను.

"నాయనమ్మా" అని పిలిచాను.

వచ్చి చూసింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"టైపిస్టు ఉద్యోగానికి ఫొటో కావాలని వచ్చాను. గంటసేపు కూర్చోబెట్టాడు. తిట్టాను. ఆ తిట్టేది తీశాడు" అంది.

"మరి వద్దంటే కస్టమరు వద్దన్నాడని ముందే చెప్పొచ్చు కదా. నాలుగుసార్లు అడిగాను."

"సరిగ్గా అడగలేదు."

"ఇంకెలా అడగాలి?"

గ్లవ్స్ మెల్లగా, "ఇది షోలో పెట్టుకోవచ్చా అండీ?" అని అడిగింది.

"వద్దు" అంది నాయనమ్మ. వెళ్ళి కత్తెర తీసుకుంది.

*

నేననుకున్నాను, చిక్కు విడిపోయింది, ఇక మంచివి ఏరుకుని ఫ్రేములు కట్టడమే అని. గ్లవ్స్‌తో అంత సుఖం లేదు.

"ఆయన వద్దనలేదు, నిజమే. కానీ వాళ్ళు వద్దన్నారు కదా. ఒక్కొక్కళ్ళనీ మళ్ళీ అడగాలి."

"పదకొండు డబ్బాల జనాన్నా?"

"దొరికినంతమందిని."

నాయనమ్మ రిజిస్టర్లో అడ్రసులున్నాయి. ప్రింట్లు తీసుకుని వీధులు పట్టాం. సగం ఇళ్ళు మారిపోయాయి, పావు వంతు మనుషులు లేరు. గొడుగు ఒకటే. అది ఆమెది, చిన్నది. నా ఎడమ భుజం ఆ వారమంతా ఆరనే లేదు. కుడి భుజం గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు.

రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఒకావిడ తన ఫొటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. ముప్పై ఏళ్ళ వయసులో, బూట్లు విప్పేసి, కాళ్ళు చాపుకుని, పైకప్పు వైపు చూసి పగలబడి నవ్వుతోంది.

"పిల్లలు చూస్తే భయం పోతుందని వద్దన్నాను. ఈవిడ బాగానే ఉండేదే. అనవసరంగా దాచేశాను" అని, సంతకం పెట్టి, కళ్ళు తుడుచుకుంది.

గడియారాలు బాగుచేసే పెద్దాయన మాత్రం ససేమిరా అన్నాడు. మా స్టూడియో గోడ గడియారానికి చెవి ఆనించి వింటున్న ఫొటో అది. చూస్తుంటే మనకీ టిక్‌టిక్ వినబడుతుంది.

"మొహం ఏదీ? చెవి తప్ప ఏం లేదు. అప్పుడూ వద్దన్నాను, ఇప్పుడూ వద్దు."

"మళ్ళీ ఎప్పుడైనా వచ్చి అడగొచ్చా అండీ?" అంది గ్లవ్స్.

"అడగడానికేం, అడగండి. వద్దంటాను."

ఆమె గౌరవంగా పెన్సిల్ తీసి, కవరు మీద ఆ రోజు తేదీ వేసి, "వద్దు" అని రాసి లోపల పెట్టేసింది. అంత గొప్ప ఫొటో. వీధి చివరి దాకా నేను పళ్ళు నూరుతూనే ఉన్నాను.

చివరికి ఇరవై ఆరు మంది సరే అన్నారు. గ్యాలరీ బాసు ఫొటోలన్నీ చూశాడు, తలూపాడు, హాలు మధ్య గోడ చూపించాడు. "తలుపు తీయగానే కనబడేది ఇది. ఇక్కడ మనిషిని నిలబెట్టేసే ఫొటో కావాలి. వీటిలో అది లేదు. సోమవారం పదింటికి వస్తాను. ఈ గోడ మీద ఏమీ లేకపోతే హాలు పూలకుండీలకే."

ఆ గోడ మీద ఉండాల్సింది ఏదో మా ఇద్దరికీ తెలుసు.

"నాయనమ్మ సంగతి నాకొదిలేయండి" అన్నాను బయటికొచ్చాక. "ఆవిడ తరఫున నేను సంతకం పెట్టేస్తా. తగిలించాక చూసి రెండు తిట్లు తిడుతుంది, అయిపోతుంది."

ఆమె నడక ఆపింది. "ఆవిడ వద్దన్నారు."

"ఆవిడకి అదొక అలవాటండీ."

"ఆవిడ వద్దన్నారు. నేను ఏదైనా వద్దన్నా మీరు ఇలాగే చేస్తారా?"

గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. నేను రెండు భుజాలూ తడుపుకుంటూ నిలబడ్డాను. నా సొరుగులో ఆమె ఫొటో ఒకటుంది. మొదటి రోజు అడక్కుండా తీసింది, లైటు టెస్టని బొంకింది. రోజుకి నాలుగుసార్లు తీసి చూసుకుంటున్నాను. అడగాలని ఒక్కసారి కూడా తోచలేదు. తాత నుంచి తీయడం ఒక్కటే నేర్చుకున్నానని, ఆయన చేసిన రెండో పని నాకు అబ్బలేదని అప్పుడు సిగ్గేసింది.

*

సోమవారం తొమ్మిదిన్నరకి ఇరవై ఆరు ఫొటోలు గోడలెక్కాయి. మధ్య గోడ ఖాళీ. బయట వరండాలో పూలకుండీలు కాగితాల్లో చుట్టుకుని వరసగా ఎదురుచూస్తున్నాయి. గ్లవ్స్ నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది. "మేకు ఇవ్వండి", "పైకి", "కిందికి". అంతే.

నాయనమ్మ వచ్చింది. చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కొక్క ఫొటో ముందు ఆగింది. ఒకరిద్దరిని పేరుపెట్టి పలకరించినట్టు తలూపింది. మధ్య గోడ దగ్గర నిలబడిపోయింది.

"ఈ ఖాళీ ఏంటమ్మా?"

"మీదండీ. మీరు వద్దన్నారని వదిలేశాం" అంది గ్లవ్స్.

"వేరేది పెట్టుకోవచ్చుగా?"

"దాని బదులు ఇంకోటి లేదండీ."

నాయనమ్మ ఆ తెల్లగోడ వంక చూస్తూనే ఉంది. "ఆయన పోయి ఆరేళ్ళయింది. ఈ ఆరేళ్ళలో నన్ను ఎవరైనా అడిగారట్రా?"

"మొన్న ఈవిడ అడిగింది కదా."

"షోకి పెట్టుకోవచ్చా అని అడిగింది. నా ఫొటో నాకు కావాలా అని ఎవరడిగారు?"

నాకు తల ప్రాణం తోకకొచ్చింది. బాసు వచ్చే టైమైంది, పూలకుండీలు గుమ్మంలో ఉన్నాయి, ఈవిడ ఇప్పుడు వ్యాకరణం పెట్టింది. అయినా వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. జేబులోంచి ఆ ఉబ్బెత్తు కవరు తీశాను. తాత అడిగినట్టే అడిగాను.

"నాయనమ్మా, నీ ఫొటో ఉంది. కావాలా?"

ఆవిడ కవరు తీసుకుని, ఆ వద్దుల మీద వేలు పెట్టి మెల్లగా కిందికి దించుకుంటూ వచ్చింది.

"సరే అంటే ఇచ్చేసేవాడు. ఇచ్చేశాను అని రాసి కవరు మూసేసేవాడు. తర్వాతి ఏడు నన్నేం అడుగుతాడు? అందుకే వద్దన్నాను. ఆయనకీ తెలుసు. ఏటా ఆ రోజున తల దువ్వుకుని మరీ వచ్చి అడిగేవాడు."

వేలు చివరిదాని దగ్గర ఆగింది. వేరే చేతిరాత.

"ఆ ఏడు మాట పడిపోయింది. మంచం మీంచి డబ్బా వైపు చూపించాడు. వద్దన్నాను. నవ్వాడు. రాయడానికి చెయ్యి ఆడకపోతే నేనే రాశాను. వచ్చే ఏడు అడుగుతాడులే అనుకున్నాను."

గ్లవ్స్ ఏడుస్తోంది. నేను కూడా.

"ఇక అడిగేవాడు లేడు కదా" అంది నాయనమ్మ. "సరే."

గ్లవ్స్ చేతిలోంచి పెన్సిల్ తీసుకుని, నాయనమ్మే తేదీ వేసి, నలభై నాలుగు వద్దుల కింద తన చేత్తోనే "సరే" అని రాసింది. తర్వాత మామూలు గొంతుతో, "ఇప్పటికిప్పుడు ఫ్రేమెక్కడిదిరా?" అంది.

నేను వరండాలోకి వెళ్ళి, పూలకుండీల వెనక దాచిన ఫ్రేము పట్టుకొచ్చాను.

"అడక్కుండానే ప్రింటు తీశారా?" అంది గ్లవ్స్, ముక్కు తుడుచుకుంటూ.

"అడక్కుండా తగిలించలేదు కదండీ."

పదింటికి బాసు వచ్చాడు. తలుపు తీశాడు. గొడుగు సగం తెరిచిన అమ్మాయి ఆయన్ని గుమ్మంలోనే దులిపేసింది. ఆయన రెండు నిమిషాలు అక్కడే నిలబడి, వెనక్కి తిరిగి, పూలకుండీలని ఆయనే స్వయంగా మోసుకుపోయాడు.

జనం రావడానికి ఇంకా టైముంది. నాయనమ్మ బెంచీ మీద కూర్చుని తన ఫొటోని తను చూసుకుంటోంది. నేను గ్లవ్స్ దగ్గరికి వెళ్ళాను. రెండో జేబులోంచి ఒక కొత్త కవరు తీసి ఇచ్చాను.

"ఏంటిది?"

"మొదటి రోజుది. లైటు టెస్టు కాదు, అబద్ధం చెప్పాను. అడక్కుండా తీశాను, ఇన్నాళ్ళూ అడక్కుండా ఉంచుకున్నాను. తప్పే. రోజూ చూసుకుంటున్నాను. మీరంటే నాకు చాలా ఇష్టం. అది వేరే సంగతి. ముందు ఫొటో సంగతి చెప్పండి. మీరేమంటే అది. చింపేయమన్నా చింపేస్తాను."

ఆమె గ్లవ్స్ విప్పేసింది. ఉత్త చేతులతో ఫొటో బయటికి తీసింది. లేచిన కనుబొమ్మ, సగం మొహం మీద జుట్టు, నా వైపు చూపిస్తున్న వేలు. చూసింది. ఎదురుగా గోడ మీద ఇంకో వేలు వైపు చూసింది. మళ్ళీ చేతిలోది చూసింది. పంటి కింద ఉన్న పెదవి మెల్లగా వదిలేసింది.

ఫొటో కవర్లో పెట్టి నా చేతికిచ్చేసింది.

"వద్దు" అంది.

"సరేనండీ" అన్నాను ఎలాగో. "చింపేయనా?"

"చింపితే వచ్చే ఏడు ఏం చూపించి అడుగుతావు?"

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అడుగుతారు అనలేదు. అడుగుతావు అంది.

"వచ్చే ఏడు అడగాలా?"

"అడుగు. ఆ పై ఏడు కూడా. తల దువ్వుకుని రా" అని పెన్సిల్ నా చేతిలో పెట్టింది.

కవరుని గోడకి ఆనించి తేదీ వేశాను. పక్కన "వద్దు" అని పెద్దగా రాయబోయాను.

"చిన్నగా రాయరా" అంది బెంచీ మీంచి నాయనమ్మ, ఫొటో మీంచి చూపు తిప్పకుండానే. "కవరు సరిపోవాలి కదా."